రెండో కుర్చీవాడూ చేపల తొట్టీ

ఆ పొద్దున సెలూన్లో జనం బాగానే ఉన్నారు. మొదటి కుర్చీలో ముఖమంతా నురగతో హెడ్ క్లర్కు, బల్ల మీద వంతు కోసం పక్క కొట్టు టైలరు, అతని పక్కన ఒకే పేపరును ముక్కలు చేసి పంచుకున్న ఇద్దరు ముగ్గురు. యజమాని, అంటే మొదటి కుర్చీ దగ్గర నిలబడే పెద్దమనిషి, గీస్తున్న గడ్డం సగంలో ఆపి, కత్తిని రెండో కుర్చీ వైపు తిప్పాడు. అక్కడ తువ్వాలు దులుపుతున్నది సాక్షాత్తూ ఆయన భార్య తమ్ముడు.

"నా చేపల్ని ఉడకబెట్టి చంపింది వీడే" అన్నాడు.

అంతటితో విచారణ అయిపోయింది. సెలూన్ కూడా ఒక కోర్టే. అక్కడి జడ్జి కత్తి ఎప్పుడూ ఎవడో ఒకడి గొంతు మీద ఉంటుంది కాబట్టి ఎదురు వాదించేవాడు ఉండడు. హెడ్ క్లర్కు తల ఊపే వీలు లేక కళ్ళతోనే ఔనన్నాడు. టైలరైతే కొలతలు తీసుకోకుండానే ఒక పేరు కుట్టేశాడు. మధ్యాహ్నానికల్లా వీధి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా రెండో కుర్చీవాడు ‘ఉడుకునీళ్ళు’ అయిపోయాడు.

ఆ నింద ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. అతను అక్క పెళ్ళైన ఏడాదే ఆ షాపులో అడుగుపెట్టి, బావ దగ్గరే కత్తెర పట్టడం నేర్చుకుని, అప్పటినుంచీ ఆ కుర్చీ వెనకే నిలబడ్డాడు. కత్తెర పనిలో బావను మించినవాడేమీ కాదు. పైగా పని చేసేటప్పుడు నోరు విప్పడు. సెలూన్లో అది పెద్ద లోపం, జుట్టు పోగొట్టుకునే మనిషి బదులుగా నాలుగు కబుర్లైనా ఇంటికి తీసుకెళ్ళాలనుకుంటాడు. కానీ గడ్డం గీసే ముందు ముఖాన కప్పే వేడి తువ్వాలు ఉందే, అందులో మాత్రం అతనికి సాటి లేదు. వేడినీళ్ళలోంచి తీసి పిండి, ముందు తన చెంపకు ఆనించుకుని, కాసేపు కళ్ళు మూసుకుని, అప్పుడు కప్పేవాడు. దాని కింద గుర్రుపెట్టినవాళ్ళున్నారు. ఇంట్లో భార్యతో మాట్లాడలేని మాటలు దాని కింద గొణిగినవాళ్ళూ ఉన్నారు. వేడి విషయంలో ఆ చేతులకు తెలియనిది లేదని అతను లోలోపల గర్వపడేవాడు. సరిగ్గా ఆ చేతులకే ‘ఉడకబెట్టినవి’ అని పేరొచ్చింది.

మర్నాటినుంచి తువ్వాలు తీస్తుంటే కుర్చీలో ఉన్నవాడు మెడ వెనక్కి లాగేవాడు. ఒకడు ముందు ఆ తువ్వాలుతో అద్దం తుడిచి, అది పగలదని చూపించమన్నాడు. ఇంకొకడు అంత చలిలోనూ చన్నీళ్ళతో గీయించుకుని, వణుకుతూ, తెగిన గడ్డంతో, ప్రాణం దక్కినందుకు సంతోషంగా వెళ్ళాడు. నెమ్మదిగా రెండో కుర్చీలో కూర్చునేవాళ్ళే కరువయ్యారు. బల్ల మీద జనం మొదటి కుర్చీ కోసం ఆవులిస్తూ కాచుకునేవాళ్ళు, రెండోది మాత్రం ఖాళీగా తిరుగుతూ ఉండేది. బావ ఒకరోజు దాని చుట్టూ టేపు పెట్టి కొలిచి, ఇది తీసేస్తే ఇక్కడ ఒక సోఫా పడుతుందని టైలరుతో చెప్పాడు. రెండో కుర్చీవాడు విన్నాడు. చేపల చావు తర్వాత ఇప్పుడు తన స్థానంలోకి రాబోయేది సోఫా అని అతనికి అర్థమైంది.

అసలు ఆ తొట్టి ఈర్ష్యలోంచి పుట్టింది. వీధి మొదట్లో ఉన్న సెలూన్‌వాళ్ళు టీవీ పెట్టారు. టీవీ అందరిళ్ళలో ఉంది, చేపలు ఎందరిళ్ళలో ఉన్నాయని బావ ఒక గాజు తొట్టి తెచ్చి, అద్దాలకు ఎదురుగోడ దగ్గర పాలరాతి గట్టు మీద పెట్టించాడు. అందులో రెండు ఏంజెల్ చేపలు వదిలాడు. ఒంటి మీద నల్ల చారలు, పైకీ కిందికీ పొడుగాటి రెక్కలు, నడకలో తొందర లేదు. ఎవరు చూసినా లెక్కచేయకుండా మెల్లగా తిరిగే ఆ వాలకం చూసి టైలరే వాటికి ప్రెసిడెంటుగారు, ప్రెసిడెంటుగారి భార్య అని పేర్లు పెట్టాడు.

ఆ ఊళ్ళో చలికాలం మెత్తనిది కాదు. షట్టర్ సందుల్లోంచి రాత్రంతా చలి పాకి వచ్చేది. ఈ చేపలేమో గోరువెచ్చని నీళ్ళకు అలవాటు పడ్డవి. తొట్టిలో గాజు గొట్టంలాంటి హీటరు ఒకటి ఉంది గానీ దాని బుద్ధి నిలకడ లేనిది. ఒక పూట వేడి ఎక్కువై చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరిచేవి, ఒక పూట చల్లబడి అడుగున ఒదిగి కూర్చునేవి. పదిమంది ముందు పరువు పోతోందని బావ చేపల కొట్టుకు వెళ్ళి ఒక నల్లడబ్బా తెచ్చాడు. దాన్ని కంట్రోలర్ అంటారు. బిగించడానికి చేపల కొట్టాయనే వచ్చాడు.

"ఇది నీళ్ళని వేడి చేయదు. వేడి చేసేవాడి చెవి పట్టుకుని కూర్చుంటుంది" అని చెప్పాడాయన.

హీటరు ప్లగ్గును గోడకు కాకుండా డబ్బాకు పెట్టాలి. డబ్బాలోంచి వచ్చే తీగ చివర చిటికెనవేలి కణుపంత స్టీలు మొన ఉంటుంది. అది ఎప్పుడూ నీళ్ళలోనే, హీటరుకు దూరంగా అవతలి మూల ఉండాలి. ఆ మొనకు నీళ్ళు చల్లగా తగిలితే డబ్బా హీటరుకు కరెంటు ఇస్తుంది, చాలినంత వెచ్చబడగానే ఆపేస్తుంది. హీటరుకు వేడి హద్దు పెట్టే సొంత మర ఒకటి ఉంటుంది కదా, దాన్ని కూడా డబ్బా అంకెకు రెండు డిగ్రీలు పైన పెట్టి ఉంచండి, డబ్బా ఎప్పుడైనా దెబ్బతిన్నా అది అడ్డం పడుతుందని ఆయన చెప్పి వెళ్ళాడు. ఆయన మలుపు తిరగగానే బావ ఆ మరను చివరిదాకా తిప్పేశాడు. ఒక పనికి ఇద్దరు మేనేజర్లెందుకన్నాడు.

తొట్టి బాధ్యత మాత్రం రెండో కుర్చీవాడిదే అయింది, ఎవరూ ఒప్పుకోని పనులన్నీ అలాగే అతని దగ్గరికి వచ్చేవి. కాకపోతే ఇది అతనికి నచ్చింది. సెలూన్లో పనిచేసేవాళ్ళు లోకాన్ని అద్దంలోనే చూస్తారు. కస్టమర్ ముఖం, తలుపు తీసుకుని వచ్చే మనిషి, గోడ గడియారం, అన్నీ ఎదురుగా అద్దంలోనే. వెనకగోడ దగ్గర డబ్బా మీద ఎర్రగా వెలిగే రెండంకెలు కూడా అంతే. చేపల కొట్టాయన ఇరవై ఆరు పెట్టమన్నాడు గానీ అద్దంలో అది ఏ భాషా కాని అంకెలా కనబడేది. ఇరవై ఐదు పెట్టి చూస్తే చిత్రంగా, గీతలు గీతలుగా ఉండే ఆ అంకెల్లో రెండు ఐదులాగా, ఐదు రెండులాగా తిరగబడి, అద్దంలోనూ ఇరవై ఐదే వచ్చింది. ప్రెసిడెంటుగారు కూడా అభ్యంతరం చెప్పలేదు. అప్పటినుంచీ ఇరవై ఐదే ఖాయమైంది.

అంతా బాగానే నడుస్తుండగా, మున్సిపాలిటీ ఆరోగ్య ఇన్‌స్పెక్టరు రేపు సెలూన్లన్నీ తనిఖీ చేస్తాడని కబురొచ్చింది. బావకు కంగారు పుట్టింది. సెలూన్లో కత్తెర్లూ దువ్వెనలూ పని అయ్యాక ముంచి ఉంచే నీలిరంగు మందునీళ్ళ జాడీ ఒకటి ఉంటుంది. షాపులో ఇనుమన్నది ఏది కనిపించినా రాత్రికి అందులో ఉండాలని ఆజ్ఞ వేశాడు. బామ్మర్దిని ఇంటికి పంపేసి, షట్టర్ తానే దించుకుంటానన్నాడు. కత్తెర్లు ముంచాడు, కత్తులు ముంచాడు, గోళ్ళ కత్తిరింపు ముంచాడు, తాళంచెవులు కూడా ముంచబోయి ఆగాడు. ఆఖరికి తొట్టిలో మెరుస్తున్న స్టీలు మొన కనిపించింది. దాన్ని పీకి, తుడిచి, జాడీలో కత్తెర పక్కన నిలబెట్టాడు. ఒక సెలూన్ యజమాని తప్ప లోకంలో ఇంకెవడూ చేయలేని పొరపాటది.

జాడీ తొట్టి పక్కనే ఆ పాలరాతి గట్టు మీద ఉంది. రాత్రి చలికి మందునీళ్ళు ఐసులా అయ్యాయి. తొట్టి ఎక్కడ ఉందో డబ్బాకేం తెలుసు, మొనకు తగిలినదే దానికి తొట్టి. నీళ్ళు చల్లగా ఉన్నాయి, వేడి చెయ్యి, ఇంకా చల్లగానే ఉన్నాయి, ఇంకా చెయ్యి అని తెల్లవార్లూ హీటరును తోలుతూనే ఉంది. ఆఫీసుల్లో చాలామంది పెద్దలు చేసే పనే అది. తన ముందు పెట్టినదాన్ని నమ్మింది, పక్కన ఎవడు ఉడికిపోతున్నాడో చూడలేదు. హీటరును అడ్డుకోవలసిన దాని సొంత మర చివరిదాకా తిరిగి ఉంది. ఇద్దరు మేనేజర్లలో ఒకడికి సెలవిచ్చారు, రెండోవాడికి తప్పుడు కబురిచ్చారు. ఇన్‌స్పెక్టరు మాత్రం ఆ రోజు రాలేదు, ఆ తర్వాతా రాలేదు.

రెండో కుర్చీవాడికి ఇదంతా ఎలా తెలిసిందంటే, ఆ పొద్దున బావ కత్తి తన వైపు తిప్పినప్పుడే అతను తొట్టిలోని తీగను చూశాడు. మొన తన చోటనే ఉంది, కానీ జానెడు పొడవున తీగ నీలంగా ఉంది. తొట్టి నీళ్ళలో నీలం ఎక్కడినుంచి వస్తుంది? అతనికి ఒక్క క్షణంలో కథంతా అర్థమైంది. బావ అందరికంటే ముందు వచ్చాడు, చచ్చిన చేపల్ని చూశాడు, జాడీలో మొనను చూశాడు, గబగబా తీసి తొట్టిలో పెట్టాడు, ఆ తర్వాత తప్పు పెట్టడానికి మనిషిని వెతుక్కున్నాడు. వెతకడానికి పెద్ద దూరం వెళ్ళనక్కర్లేదు, రెండో కుర్చీ పక్కనే ఉంది.

అయినా అతను నోరు తెరవలేదు. తెరిస్తే కస్టమర్ల ముందు అక్క మొగుడు దొంగవుతాడు. మధ్యలో అక్క తలదించుకోవాలి. ఆ ఆలోచన తెగేలోపల మౌనాన్ని ఒప్పుకోలుగా రాసేసుకున్నారు.

కొన్నాళ్ళకు అక్క మధ్యాహ్నం భోజనం క్యారియర్ తెచ్చింది. బావ బయటికి వెళ్ళాడు. ఖాళీ కుర్చీలో తమ్ముడే కూర్చుని గోడకేసి చూస్తున్నాడు. క్యారియర్ విప్పి వడ్డిస్తూ ఆవిడ మామూలుగా అడిగింది.

"ఒరేయ్, ఆ జాడీలో నీలం బట్టకు అంటితే పోదా? మీ బావ తెల్లచొక్కా కుడిచెయ్యి అంచుకు పట్టింది. ఎన్నిసార్లు ఉతికినా వదలట్లేదు."

తమ్ముడు ముద్ద చేతిలోనే పట్టుకుని ఆగిపోయాడు.

"ఎప్పటినుంచి?"

"చేపలు పోయిన రోజునుంచి" అంది అక్క. ఆ మాట తన నోట్లోంచి వచ్చాక తానే దాన్ని మళ్ళీ విన్నట్టు తొట్టి వైపు చూసింది, జాడీ వైపు చూసింది, తమ్ముడి వైపు చూసింది. చదువుకున్నది తక్కువే గానీ బట్టలుతికేవాళ్ళకు ఇంటి మగాళ్ళ రహస్యాలు తెలిసినంతగా పోలీసులకు కూడా తెలియవు. తమ్ముడు నీలం తీగ సంగతి చెప్పాడు. ఇన్నాళ్ళూ నోట్లో ఏం పెట్టుకున్నావని ఆవిడ తిట్టింది. నీ పరువు కోసమేనంటే, నా పరువు సంగతి నేను చూసుకోగలను, నీ కుర్చీ సంగతి చూసుకోమంది. మరేం చేయమంటావని అడిగాడు.

"రేపు సెలవు కదా. ఆయన తల నీ చేతికే కదా వచ్చేది" అని క్యారియర్ మూతపెట్టింది.

లోకానికంతటికీ జుట్టు కత్తిరించేవాడు తన జుట్టు తాను కత్తిరించుకోలేడు. అందుకని ఆ బావా బామ్మర్దులు నెలకోసారి సెలవురోజున షట్టర్ సగం దించుకుని ఒకరి తల ఒకరు కత్తిరించుకునేవాళ్ళు. ఈసారి కూడా బావ మొదటి కుర్చీలో దర్జాగా కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. రెండో కుర్చీవాడు కుడివైపు మొత్తం చక్కగా, తన జీవితంలో ఎప్పుడూ కత్తిరించనంత చక్కగా కత్తిరించాడు. తర్వాత కత్తెర జాడీలో పెట్టి, చేతులు కడుక్కుని, తుడుచుకున్నాడు.

బావ కళ్ళు తెరిచి అద్దంలో చూసుకున్నాడు. కుడివైపు పెళ్ళికొడుకు, ఎడమవైపు జైలునుంచి పారిపోయినవాడు.

"ఇదేంట్రా?"

"మిగతా సగం, చేపల్ని చంపిందెవరో నువ్వు అందరి ముందూ చెప్పిన రోజు" అన్నాడు రెండో కుర్చీవాడు. పనిలో నోరు విప్పని మనిషికి అది చాలా పెద్ద ఉపన్యాసం.

బావ అరిచాడు, బతిమాలాడు, అక్కకు చెబుతానన్నాడు. అక్కే చెప్పిందన్నాక చల్లబడ్డాడు. వీధి మొదటి సెలూన్‌కు వెళ్ళి మిగతా సగం తీయించుకోవచ్చు, కానీ అక్కడ కూర్చుంటే ఆ టీవీ సెలూన్‌వాడు వార్తల్లో వేసినంత పని చేస్తాడు. ఇంటికెళ్ళి అద్దం ముందు సొంతంగా ప్రయత్నించి, ఉన్నదాన్ని ఇంకా చెడగొట్టుకున్నాడు. మర్నాటినుంచి ఒక ఉన్ని టోపీ చెవుల కిందికి లాక్కుని షాపుకొచ్చాడు. జలుబన్నాడు. జుట్టు కత్తిరించే మనిషి జుట్టు దాచుకుంటే అది స్వీట్ల కొట్టువాడు స్వీటు చూసి మొహం తిప్పుకున్నట్టుంటుంది. జనం అడగడం మొదలుపెట్టారు. కొత్త ఫ్యాషన్ కత్తిరింపు, ఇంకా బయటపెట్టకూడదేమోనని టైలరు ప్రచారం చేశాడు. ఇద్దరు కుర్రాళ్ళు అదే కావాలని పట్టుబట్టారు కూడా.

ఈలోగా తొట్టిలోకి కొత్త జంట వచ్చింది, ఎన్నికలు లేకుండానే కొత్త ప్రెసిడెంటు. బామ్మర్దిని తొట్టి దగ్గరికి రానివ్వకుండా వాటి సేవ బావే చేస్తున్నాడు. ఒకరోజు పొద్దున్నే సగం నీళ్ళు మార్చాడు. నీళ్ళు తోడేటప్పుడు హీటరు ప్లగ్గు పీకాలి, నీళ్ళు లేకుండా వేడెక్కితే గాజు పగులుతుంది. అంతవరకూ గుర్తుంది, పీకాడు. తిరిగి పెట్టడం మర్చిపోయాడు. బయట చలిగాలి వీస్తోంది. డబ్బా అంకె ఇరవై నాలుగైంది, ఇరవై మూడైంది. రెండో కుర్చీవాడు పనిలేక తొట్టి వైపే నేరుగా తిరిగి కూర్చుని ఉన్నాడు కాబట్టి అంతా చూస్తూనే ఉన్నాడు. చెప్పడమా మానడమా? చెబితే నీకెందుకంటాడు. చెప్పకపోతే చేపలు పోతాయి, ఈసారి కూడా పేరు తనకే వస్తుంది, సోఫా మర్నాడే దిగుతుంది.

ఆ ఆలోచనలో ఉండగానే అంకె ఇరవై రెండైంది. హెడ్ క్లర్కుకు నురగ పూస్తున్న బావ అలవాటుగా తలెత్తి అద్దంలోకి చూశాడు. రెండు తిరగబడితే ఐదు. రెండు రెండ్లు తిరగబడితే యాభై ఐదు.

బావ బ్రష్షు హెడ్ క్లర్కు నోట్లోనే వదిలేసి పరిగెత్తాడు. మళ్ళీ ఉడికిపోతున్నాయిరా దేవుడా అంటూ మూల ఉన్న బకెట్ ఎత్తి, రాత్రంతా చలిలో ఉన్న నీళ్ళను తొట్టిలో గుమ్మరించాడు. ప్రెసిడెంటుగారు రెక్కలు ముడుచుకుని ఒక పక్కకు ఒరిగాడు. బావ రెండో బకెట్ కోసం వంగాడు. అప్పుడు రెండో కుర్చీవాడు లేచి బకెట్ పట్టుకున్నాడు.

"బావా, అద్దంలో కాదు. వెనక్కి తిరిగి చూడు."

బావ తిరిగి చూశాడు. డబ్బా మీద పందొమ్మిది ఉంది. ఆ వంగడంలో, తిరగడంలో టోపీ ఎప్పుడో జారి తొట్టిలో పడింది. షాపంతా ఆయన తల చూస్తోంది. కుడివైపు పెళ్ళికొడుకు అలాగే ఉన్నాడు, ఎడమవైపు జైలు జుట్టు ఇంకా పెరిగింది. చేపలు అడుగున వణుకుతున్నాయి.

బావ కంగారుగా తువ్వాళ్ళ వేడినీళ్ళ గిన్నె అందుకున్నాడు. రెండో కుర్చీవాడు ఆ చెయ్యి కూడా పట్టుకున్నాడు. ఒక్కసారిగా వేడి చేస్తే చల్లదనం చంపకుండా వదిలినదాన్ని వేడి చంపుతుందన్నాడు. వాటికి వేడిమీదా చలిమీదా పగ లేదు, హఠాత్తుగా మారడమే పడదు. ప్లగ్గు పెట్టి, డబ్బాను ముందు ఇరవై మీద ఉంచుతాను, తర్వాత ఒక్కో అంకె పెంచుకుంటూ పోతే సాయంత్రానికి సర్దుకోవచ్చని చెప్పాడు. చెప్పి, డబ్బా మీద చెయ్యి పెట్టబోయి ఆగాడు.

"నేను ముట్టుకోవచ్చా?" అని అడిగాడు. బావను కాదు, షాపులో ఉన్నవాళ్ళను.

హెడ్ క్లర్కు నోట్లోంచి బ్రష్షు తీసి, ఆఫీసులో అలవాటే కదా, వద్దనే మాట అనబోయాడు. అంతకుముందే బావ గొంతు వినిపించింది, నేలను చూస్తూ.

"వాడే ముట్టుకోవాలి. ఆ మొనను పీకి జాడీలో పెట్టింది నేను. వాడు కాదు."

సాయంత్రానికి ప్రెసిడెంటుగారు నిటారుగా నిలబడి, ఎవరినీ లెక్కచేయకుండా తిరగడం మొదలుపెట్టాడు. రెండో కుర్చీవాడు హీటరు మరను రెండు డిగ్రీల పైన నిలిపాడు, అంటే రెండో మేనేజరును మళ్ళీ ఉద్యోగంలోకి తీసుకున్నాడు. తీగకు అడ్డంగా గాజు మీద ఒక చిన్న పట్టీ అతికించాడు, ఏ చెయ్యీ అలవాటుగా దాన్ని పీకకుండా. తర్వాత షట్టర్ సగం దించి బావ తల రెండో సగం పూర్తిచేశాడు. సోఫా మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. వేడి తువ్వాలు కింద గుర్రులు తిరిగొచ్చాయి.

పేరు మాత్రం పోలేదు. నిజం తెలిసినంత మాత్రాన వీధి తాను కుట్టించుకున్న పేరును చింపుకోదు, వాడకంలో మెత్తబడింది కూడాను. ‘ఉడుకునీళ్ళు ఉన్నాడా, అతని దగ్గరే కూర్చుంటా’ అని కొత్తవాళ్ళు ప్రేమగానే అడిగేవాళ్ళు. ఎందుకొచ్చిందో వాళ్ళకు తెలియదు. తెలిసినవాళ్ళు పట్టించుకోరు.

ఏళ్ళ తర్వాత బావ మోకాళ్ళు మొరాయించాయి. షాపు బామ్మర్దికి వదిలేసి, అక్కను తీసుకుని వేరే ఊరు కదిలాడు. తొట్టిని మాత్రం వదల్లేదు. వ్యాను ఎక్కి, డబ్బాను పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని, తీగ చేతికి చుట్టుకుని కూర్చున్నాడు. అంకె ఎంత పెట్టాలని మళ్ళీ అడిగాడు, బామ్మర్ది చెప్పాడు. మొన ఎక్కడ పెట్టాలని అడిగాడు, అదీ చెప్పాడు. డ్రైవర్ ఇంజిన్ వేశాక, బావ కిటికీలోంచి తల బయటపెట్టి, అన్నేళ్ళలో ఎప్పుడూ అడగనిది అడిగాడు, ఇంకా కోపం ఉందా అని.

వాళ్ళు కలుసుకున్న ఆఖరిసారి అదే. రెండో కుర్చీవాడు వ్యాను పక్కన రెండడుగులు నడిచి, ఆ తలను ఒకసారి పనివాడి కళ్ళతో పరిశీలనగా చూసి చెప్పాడు.

"కోపం ఎప్పుడో పోయింది బావా. ఎడమ చెవి వెనక మాత్రం నెలనెలా కొంచెం ఎగుడుదిగుడుగా వదిలేస్తూ వచ్చాను. నీకెలాగూ కనబడదని."